మీ శుభం కార్డులో మేమెక్కడ?

'మిస్సమ్మ' చూడని తెలుగువాళ్లు అరుదు. 1955లో వచ్చిన సినిమా. ఇవాళ టీవీలో వేసినా మా ఇళ్లలో ఆడవాళ్లు చేతిలో పని పక్కన పెట్టి కూర్చుంటారు. కథ తెలిసిందే. ఒక జమీందారు బడికి టీచర్లు కావాలి. చదువుకున్న భార్యాభర్తలే రావాలని షరతు. ఎమ్.టి. రావు హిందువు. మేరీ క్రిస్టియన్. ఇద్దరికీ ఉద్యోగం అవసరం, ఇద్దరికీ పెళ్లి కాలేదు. మొగుడూ పెళ్లాల్లా నటించి ఉద్యోగం సంపాదిస్తారు.

నటన కాస్తా ప్రేమ అవుతుంది. మరి హిందువుల అబ్బాయికీ క్రిస్టియన్ అమ్మాయికీ పెళ్లెట్లా? కథ ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు, ప్రశ్ననే మాయం చేస్తుంది. మేరీ కాలి మీద ఒక పుట్టుమచ్చ బయటపడుతుంది. ఆమె మేరీ కాదు, చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మి. అడ్డు తొలగింది. శుభం.

పుట్టుమచ్చ అంటే మాకు ఇంకొకటి గుర్తొస్తుంది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ రాసిన దీర్ఘ కవిత పేరు అదే. మేరీ పుట్టుమచ్చ ఆమెను ఇంట్లోకి తీసుకుపోయింది. మా పుట్టుమచ్చ మమ్మల్ని అనుమానితుల వరుసలో నిలబెట్టింది. మచ్చ మచ్చే. ఎవరి వొంటి మీద ఉందనేదే లెక్క.

మేమిప్పుడు మాట్లాడదలచుకున్నది ఆ 'శుభం' గురించి. ఆ కార్డు పడేటప్పుడు తెర మీద ఎవరుంటారు, ఎవరుండరు అనే దాని గురించి.

ఆడ, మగ. ఇద్దరూ కలిస్తే జంట. ఇది ప్రకృతి అంటారు. మంచిది. ఆకలి కూడా ప్రకృతే. ఆకలి ఎట్లా వెయ్యాలో నేర్పడానికి ఎవరూ సినిమా తియ్యరు. జంట కట్టడం ఎట్లాగో నేర్పడానికి మాత్రం ఏటా వందల సినిమాలు కావాలి. ఒక్కోదాంట్లో ఐదారు పాటలు కావాలి. వాడు వెంటపడాలి, ఆమె కసురుకోవాలి, రౌడీలు రావాలి, వాడు కొట్టాలి, ఆమె కరగాలి, చివరికి తాళి కట్టాలి. అంత సహజమైన దానికి ఇంత రిహార్సలు ఎందుకు?

ఇల్లు, పెళ్లి, పాతివ్రత్యం ఆకాశం నుంచి ఊడిపడినవి కావని తెలుగు స్త్రీవాదులు మాకు నేర్పారు. ఆ పాఠాన్ని ఇంకో అడుగు ముందుకు నడిపిద్దామంటున్నాం. ఆడామగా జంట కూడా అట్లాగే కట్టిన ఇల్లే. దానికి గోడలున్నాయి, గుమ్మం ఉంది, గుమ్మం ముందు కాపలా ఉంది. ఆడదాన్ని ఆడది, మగవాణ్ని మగవాడు ప్రేమిస్తే రానివ్వరు. అంతవరకు చాలామంది చూశారు. అదే కాపలావాడు అదే కర్రతో మమ్మల్ని కూడా ఆపుతున్నాడని చూసినవాళ్లు తక్కువ.

'మిస్సమ్మ' తనకు తెలియకుండానే ఒక నిజం చెప్పింది. జంట అనేది ఉద్యోగానికి అర్హత. ఇంటికి అర్హత. మర్యాదకు అర్హత. 1990ల మొదట్లో వచ్చిన 'చిత్రం భళారే విచిత్రం'లో అద్దె ఇల్లు దొరకని బ్రహ్మచారుల్లో ఒకడు చీర కట్టి ఆడమనిషిగా చెలామణి అవుతాడు. హాలంతా విరగబడి నవ్వింది. మేమూ నవ్వాం. బయటికొచ్చి ఇల్లు వెతుక్కున్నాం. 'ఫ్యామిలీకి మాత్రమే' అని బోర్డు. ఫ్యామిలీతోనే వెళ్లాం. పేరు అడిగారు. చెప్పాం. ఇప్పుడే ఎవరికో మాటిచ్చామన్నారు. మేం కట్టుకోవడానికి చీర సరిపోదు. పేరే మార్చుకోవాలి.

పేరు మార్చుకున్నవాళ్లూ ఉన్నారు. యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయ్యాడు. ముంతాజ్ జహాన్ మధుబాల అయింది. మహజబీన్ మీనాకుమారి అయింది. చూపు ఎట్లా కలపాలో, కన్నీళ్లు ఎట్లా దాచుకోవాలో ఈ దేశంలో రెండు తరాల ప్రేమికులు వీళ్లను చూసి నేర్చుకున్నారు. జంట ఎట్లా ఉండాలో చూపించిన మొహాలు మావి. పోస్టరు మీద పేర్లు మాత్రం మావి కావు. 1955లోనే 'రోజులు మారాయి'లో ఏరువాక పాటకు ఆడిన వహీదా రెహమాన్ లాంటి కొందరు తమ పేరుతోనే నిలబడ్డారు. వాళ్లకు మా సలాం.

మరి పాత్రల సంగతి? మా ఊళ్ల సినిమా హాళ్లలో ఆడవాళ్లకు వేరే క్లాసు ఉండేది. మా అమ్మలు, ఖాలాలు, ఫుప్పులు బురఖాలు మడిచి ఒళ్లో పెట్టుకుని సావిత్రి ఏడిస్తే ఏడ్చారు. తమలాంటి మనిషి తెర మీద కనిపిస్తే మాత్రం ఆమె ముజ్రా చేసే తవాయిఫ్ అయ్యేది. లేదంటే పరదా వెనకాల నిట్టూర్చే నవాబు కూతురు. బీడీలు చుట్టే ముస్లిం ఆడమనిషి ప్రేమలో పడినట్టు తెలుగు సినిమా ఎన్నిసార్లు చూపించింది?

ఇక మగవాళ్లు. హిందీలో 1977 నాటి 'అమర్ అక్బర్ ఆంథోనీ' గుర్తుందా? అందులో అక్బర్ దర్జాగా సల్మాను ప్రేమిస్తాడు. కాదన్న ఆమె తండ్రి ఇంటి ముందు హిజ్రాలను వెంటేసుకుని ఆడతాడు. మావాళ్లు ఈలలు వేశారు. కాని అక్బర్ ఎవరు? పుట్టుకతో హిందువు. తప్పిపోయి ముస్లిం దర్జీ ఇంట్లో పెరిగినవాడు. మళ్లీ అదే మహాలక్ష్మి కథ. ప్రేమించే హక్కున్న ముస్లిం కావాలంటే ముందు రక్తం హిందువుది కావాలి. ఆ హిజ్రాలు పాట అయిపోగానే వెళ్లిపోతారు. జంట కలవడానికి వాళ్లు కావాలి, కలిశాక అక్కర్లేదు.

తెలుగుకొద్దాం. 2002లో 'ఖడ్గం' వచ్చింది. ముగ్గురు కథానాయకులు. రాధాకృష్ణకు ప్రేమ ఉంది, విషాదం ఉంది. కోటికి ప్రేమ ఉంది, అల్లరి ఉంది. ఆటో నడిపే అమ్జద్ భాయ్‌కి ఏముంది? దేశభక్తి ఉంది. అతని మనసు ఎవరి మీదైనా పడిందా అని సినిమా అడగదు. అతను నిరూపించుకోవలసింది ప్రేమ కాదు మరి. మంచి ముస్లిం పాత్రను రాసిన చెయ్యే అతని వొంట్లోంచి కోరికను తీసేసింది. అంతకుముందు 'షోలే' (1975)లో గుడ్డి ఇమామ్ సాబ్ సంగతీ అంతే. కొడుకును పోగొట్టుకుని ఊరికి ధైర్యం చెప్పడం ఆయన వంతు. త్యాగం మాది, పెళ్లి మీది.

కోరిక తీసెయ్యని చోట దాన్ని రోగం చేశారు. 2018లో వచ్చిన 'పద్మావత్' చూడండి. మూల కావ్యం 1540లో రాసిన మలిక్ ముహమ్మద్ జాయసీ సూఫీ కవి, మావాడే. సినిమాలో ఖిల్జీ మాంసం పీక్కుతినే మృగం. అతని పక్కన మగవాడి మీద మనసు పడ్డ మలిక్ కాఫుర్. ఇటువైపు దీపాల వెలుగులో రాజు, రాణి. ఆ జంట పవిత్రత మనకు ఎట్లా తెలుస్తోంది? అటువైపున్న ఇద్దరినీ చూస్తే తెలుస్తోంది. ముస్లిం కామాంధుడు, స్వలింగ ప్రేమికుడు ఒకే గుడారంలో ఉన్నారు. ఇది యాదృచ్ఛికం కాదు. తెల్లగోడ తెల్లగా కనపడాలంటే పక్కన మసి కావాలి. అన్నట్టు, ఆ సినిమాలో రత్నసింహుడికి ఇద్దరు భార్యలు. దాన్ని కామం అని ఎవరూ అనలేదు. 1998లో 'ఆవిడా మా ఆవిడే'లో హీరోకు ఇద్దరు పెళ్లాలు. అది కామెడీ. నలుగురు పెళ్లాలు అనే ఎత్తిపొడుపు మాత్రం మాకు. మాలో ఎక్కువమందికి ఒక్క పెళ్లి చెయ్యడానికే అప్పు పుట్టదు.

రెండు మతాల ప్రేమ కథలు కూడా తీశారు కదా అనొచ్చు. తీశారు. 1995లో 'బొంబాయి'. అబ్బాయి హిందువు, అమ్మాయి ముస్లిం. 2001లో 'గదర్'. అబ్బాయి సిక్కు, అమ్మాయి ముస్లిం. 2004లో 'వీర్ జారా'. అబ్బాయి హిందువు, అమ్మాయి ముస్లిం. ఇందులో 'బొంబాయి' రెండు వైపుల పెద్దల మొండితనాన్నీ చూపింది, పిల్లలకు రెండు మతాల పేర్లూ పెట్టింది. ఆ మాత్రం న్యాయం మేం వొప్పుకుంటాం. అయినా మా ప్రశ్న మాకుంది. దారి ఎప్పుడూ ఒకవైపే ఎందుకుంది? పిల్లను తెచ్చుకోవచ్చు, ఇవ్వకూడదు. ఇది కొత్త సూత్రం కాదు. తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడమే కులానికి ప్రాణమని అంబేద్కర్ 1916లోనే చెప్పాడు. ఆడదాని గర్భానికి కాపలా కాయకపోతే కులం నిలవదు. తెర మీద జంట ఆ కాపలాకు పాట కట్టింది.

దారి అటునుంచి ఇటు తిరిగితే ఏమవుతుంది? అప్పుడు ప్రేమ అనే మాటే పోతుంది. 'జిహాద్' అనే మాట వస్తుంది. 2020లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం మతమార్పిడి మీద ఆర్డినెన్సు తెచ్చింది. 2023లో 'ది కేరళ స్టోరీ' వచ్చింది. 32 వేలమంది ఆడపిల్లలు మాయమయ్యారని ముందు ప్రచారం చేశారు. ఆ లెక్కకు ఆధారం లేదని సినిమా మొదట్లో ప్రకటన వెయ్యవలసి వచ్చింది, అదీ సుప్రీంకోర్టు దాకా పోయాక. ఆ ప్రకటన చదివినవాళ్లెందరు? కాలేజీలో పక్క బెంచీ అమ్మాయితో మాట్లాడే మా తమ్ముడిని అనుమానంగా చూసే చూపు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

ఇంతా చెప్పి అసలు సంఘటన దగ్గరికి వస్తున్నాం. 1998 నవంబరులో దీపా మెహతా 'ఫైర్' మనదేశంలో విడుదలైంది. ఒకే ఇంటి తోడికోడళ్లు రాధ, సీత. మొగుళ్లు పట్టించుకోని ఆ ఇద్దరూ ఒకరినొకరు ప్రేమించుకుంటారు. సెన్సారు కత్తిరింపుల్లేకుండా వదిలింది, హిందీ సినిమాలో మాత్రం సీత పేరును నీత చేసింది. మూడు వారాలు ఆడాక డిసెంబరులో ముంబైలో, ఢిల్లీలో శివసేనవాళ్లు హాళ్ల మీద పడ్డారు. ప్రదర్శనకు రక్షణ కావాలని సుప్రీంకోర్టుకు వెళ్లినవాళ్లలో దిలీప్ కుమార్ ఒకడు. సేనవాళ్లు ఆయన ఇంటి ముందుకు వచ్చి బట్టలిప్పి లోదుస్తులతో నిలబడ్డారు. బాల్ ఠాక్రే ఏమన్నాడు? రాధ, సీత అనే పేర్లు తీసేసి షబానా, సైరా అని పెట్టుకుంటే తనకు అభ్యంతరం లేదన్నాడు. షబానా అంటే రాధ వేషం వేసిన నటి. సైరా అంటే దిలీప్ కుమార్ భార్య.

ఈ ఒక్కమాటలో మొత్తం ఉంది. ఇద్దరు ఆడవాళ్లు ప్రేమించుకోవడం ఆయనకు తప్పు కాదు. ఎవరింట్లో అన్నదే తప్పు. వికృతం అనుకున్నదాన్ని మా గుమ్మం ముందు పారబోస్తే చాలు, సంస్కృతి శుభ్రమవుతుంది. చెత్త ఎక్కడ వెయ్యాలో ఊరికి తెలిసినట్టు, నింద ఎక్కడ వెయ్యాలో సంస్కృతికి తెలుసు. ఆడామగా జంటను సహజం చేసే పని, ఒక మతాన్ని అసహజం చేసే పని వేరువేరు కాదని ఠాక్రే మాకు నేర్పాడు. ఆయన ఉద్దేశం అది కాకపోవచ్చు. పాఠం పాఠమే.

దీనికి సెక్యులర్ మిత్రులు ఇచ్చే జవాబు మాకు తెలుసు. ముస్లింలు కూడా మనలాంటి మంచి కుటుంబీకులేనని చూపించాలంటారు. ఒక్క పెళ్లి, ఇద్దరు పిల్లలు, గోడ మీద గాంధీ బొమ్మ. ఆ సినిమా మాకొద్దు. గుమ్మం కాపలావాడి దగ్గర మంచి సర్టిఫికెట్ తెచ్చుకోవడం విముక్తి కాదు. జంటలో చేరితేనే మనిషి అయితే, చేరనివాళ్ల సంగతేమిటి? పెళ్లి చేసుకోని మా ఫుప్పు మనిషి కాదా? సినిమాల్లో నలభై ఏళ్లుగా 'తేడాగాడు', 'పాయింట్ ఫైవ్' అని నవ్వించుకోవడానికి వాడుకున్నవాడు మనిషి కాదా? మీరు ముస్లిం విలన్‌ని చూసి బాధపడ్డారు, సంతోషం. పక్కనే చీర కొంగు తిప్పుతూ నడిచే కమెడియన్‌ని చూసి మీరూ నవ్వారు, మేమూ నవ్వాం. రెండు బొమ్మలూ ఒకే అచ్చులో పోసినవి.

ఇక మావాళ్లతో. ఈ మాటలు బయటివాళ్ల కోసమే రాయడం లేదు.

మన ఉర్దూ గజల్‌లో ప్రేమపాత్ర శతాబ్దాల పాటు వ్యాకరణంలో పుంలింగమే. ఆడో, మగో, దేవుడో కవి తేల్చేవాడు కాదు. వినేవాళ్లు నిలదీసేవాళ్లు కాదు. అదే గజల్ సినిమాలోకి వచ్చాక ఆ జాగాలో దుపట్టా కప్పుకున్న హీరోయిన్ మొహం నిలబడింది. మనకూ అదే అనాది ఆచారం అనిపించింది. 1942లో ఇస్మత్ చుగ్తాయీ 'లిహాఫ్' రాసింది. మొగుడు పట్టించుకోని బేగం, ఆమె దాసి, ఒక రజాయి. లాహోర్ కోర్టు దాకా లాగారు ఆమెను. తిట్లుత్తరాలు కుప్పలుగా రాశారు. రాసినవాళ్లలో మనవాళ్లు లేరా? 1329 ఫసలీలో, అంటే 1919లో, మన నిజాం సర్కారు హిజ్రాల మీద చట్టం చేసింది. వాళ్ల పేర్లు రిజిస్టరులో ఎక్కాలి. ఆడబట్టల్లో బజారులో కనపడితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. ఆ చట్టం తెలంగాణలో 2023 జూలైలో హైకోర్టు కొట్టేసేదాకా పుస్తకంలో బతికే ఉంది. ఆసఫ్‌జాహీల వైభవం గురించి ముషాయిరాలు పెట్టుకునేటప్పుడు ఇదీ చదవండి.

2010లో అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో మరాఠీ చెప్పే ప్రొఫెసర్ సిరాస్ ఇంట్లోకి కెమెరాతో చొరబడ్డారు. ఒక రిక్షా కార్మికుడితో ఉన్నాడని ఆయన్ని యూనివర్సిటీ సస్పెండ్ చేసింది. అలహాబాద్ హైకోర్టు ఆ సస్పెన్షన్ ఆపింది. ఆ ఉత్తర్వు వచ్చిన వారానికే ఆయన తన గదిలో శవమై కనిపించాడు. 'అలీగఢ్' పేరుతో సినిమా వచ్చింది. ఆయన హిందువు. నింద వేసింది మన సంస్థ. ఠాక్రే మన గుమ్మంలో పారబోశాడని కోప్పడే మనం, ఆయన గుమ్మంలో ఏం పారబోశాం?

2018లో మిర్యాలగూడలో పెద్దకులం అమ్మాయిని చేసుకున్న దళిత యువకుణ్ని ఆమె తండ్రి చంపించినప్పుడు మనం ఊరేగింపుల్లో నడిచాం. 2022 మేలో సరూర్‌నగర్ రోడ్డు మీద ముస్లిం అమ్మాయిని చేసుకున్న దళిత యువకుణ్ని ఆమె అన్నే చంపాడు. ఖండించినవాళ్లున్నారు. నీళ్లు నమిలినవాళ్లూ ఉన్నారు. పిల్లను తెచ్చుకోవచ్చు, ఇవ్వకూడదు అనే సూత్రం మన ఇంటి గోడ మీద కూడా రాసి ఉంది. అది అల్లా రాసింది కాదు. ఇక్కడి కులం మనచేత రాయించింది. ఆ రాత చెరపకుండా 'లవ్ జిహాద్' అబద్ధమని అరిస్తే మన గొంతులో బలం ఉండదు.

2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు 377వ సెక్షన్ నుంచి పెద్దవాళ్ల ఇష్టపూర్వక సంబంధాలను తప్పించింది. చట్టం ఒక తలుపు తీసింది. సినిమా, మసీదు కమిటీ, అద్దె ఇల్లు, పెళ్లిళ్ల పేరయ్య ఇంకా తియ్యలేదు.

'ఫైర్' చివరి దృశ్యం చాలామంది మరిచిపోయారు. ఇల్లు వదిలిన రాధ, సీత వర్షంలో తడిసి కలుసుకునేది ఎక్కడో తెలుసా? ఢిల్లీ హజ్రత్ నిజాముద్దీన్ దర్గాలో. సొంత ఇంట్లో చోటు దొరకని ఇద్దరు హిందూ ఆడవాళ్లకు దర్శకురాలు చూపిన నీడ అది. అక్కడ కూడా ఆడవాళ్లను సమాధి గదిలోకి రానివ్వరని మాకు తెలుసు. అయినా దర్గా మెట్ల మీద కూర్చున్నవాళ్లను నువ్వు ఎవరి పెళ్లానివి, ఎవరి మొగుడివి అని అడగరు. పిల్లలు లేని ఆడది, మతి చెడిన మగవాడు, చప్పట్లు కొట్టి దువా ఇచ్చే హిజ్రా, అందరూ అక్కడే కూర్చుంటారు. లంగర్ అన్నం అందరికీ ఒకటే డేగ్‌లోంచి వడ్డిస్తారు.

మా ఇళ్లు ఆ మెట్లలాగా ఉండాలని మేం అడుగుతున్నాం. ఠాక్రే తిట్టుగా విసిరిన ఆ రెండు పేర్లు, షబానా, సైరా, మేం తీసుకుంటున్నాం. మా వీధిలో అట్లాంటి ఇద్దరు అమ్మాయిలుంటే, వాళ్లను మేరీలాగా నటించమనం, మహాలక్ష్మిలాగా మారమనం. వాళ్ల పేర్లతోనే ఇల్లు అద్దెకిస్తాం. ఈ మాట రాసిన మాలో ఎంతమంది దీని మీద నిలబడతారో ఆ అమ్మాయిలు తలుపు తట్టిన రోజు తేలుతుంది. మీలో ఎంతమంది నిలబడతారో కూడా.